రేవు మనిషి ఊపిరి

పిల్లలూ, పైక్ హార్బర్ గాలిపాట సంగతి మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీరు పుట్టిందీ పెరుగుతున్నదీ ఆ ఊరికి ఎంతో దూరంలో, కాబట్టి దానంతటది మీ చెవిన పడే వీలు కూడా లేదు. అందుకని చెబుతున్నాను. తెలిసినంతవరకే చెబుతాను, తెలియని చోట తెలియదనే అంటాను. ఇందులో సిగ్గుపడాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటవేస్తే కథ చెప్పినట్టే కాదు.

చలికాలం ఉదయాల్లో ఎల్మర్ నీమెలా చేసే పని ఒక్కటే. ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని, ఇనపరాయి ఓడల్లోకి ఎత్తే రేవు పక్కనుంచి, మంచు గట్టిపడ్డ మెట్లు మెల్లగా దిగి, హెల్వి నడిపే కాఫీ హోటలుకు వెళ్లడం. ఆ నెలల్లో అమెరికా ఉత్తరాన ఉన్న సుపీరియర్ సరస్సు కనుచూపు మేర గడ్డకట్టి ఉంటుంది. ఓడలు రావు. రేవులో పనిచేసి రిటైరైన ముసలివాళ్లకి ఓడలు వచ్చినా పని లేదు, కానీ కిటికీ పక్క బల్ల మాత్రం కావాలి. ఆ బల్ల దగ్గర ఎల్మర్‌కి ఎదురుగా స్టాన్ జూపాన్ కూర్చునేవాడు. ఓడల్ని తాళ్లతో లాగే చిన్న పడవ మీద బతుకంతా గడిపిన మనిషి. నోటికి మాత్రం ఏనాడూ లంగరు వేసి ఎరగడు.

బడి పిల్లలు బస్సు కోసం ఆ హోటల్లోనే ఆగేవారు. ఆగమంటే ఆగరు కదా. బయట మంచులో దొర్లి, గ్లౌజులు తడిపేసుకుని లోపలికి వచ్చేవారు. హెల్వి వాటిని తీసుకుని స్పీకరుకి ఎదురుగా కట్టిన తాడు మీద క్లిప్పులతో తగిలించేది. అప్పటికి రికార్డు రెండో వైపు తిరుగుతూ ఉండేది. ఆఖరి పాట అయ్యేసరికి గ్లౌజులు ఆరేవి, బస్సు వచ్చేది.

ఆ రికార్డు ఎమ్మెట్ టార్ పాడిన 'ఖాళీ ఓడలు'. పాటలు అతనే రాశాడు, గిటారు అతనే వాయించాడు. గని కార్మికుడి కొడుకు. పక్క ఊళ్లో పుట్టి పెద్ద ఊళ్లకి పోయి పేరు తెచ్చుకున్నవాడు. ఆ రికార్డు చెయ్యడానికి మాత్రం ఒక చలికాలం ఇక్కడికి వచ్చి, పైక్ హార్బర్‌లో ఫిన్నులు, అంటే ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, కట్టుకున్న హాలు అద్దెకి తీసుకున్నాడు. చెక్క నేల, చెక్క గోడలు, అక్కడి మోగుడు అతనికి నచ్చింది. మొదటి వైపు పాటల్లో ఓడలు ఖాళీగా వస్తాయి. రెండో వైపు పాటల్లో బరువుతో వెళ్లిపోతాయి. అప్పటికి అతనికి ముప్పై కూడా నిండలేదు, కానీ గొంతు వింటే కంకర మీద బూట్లేసుకుని నడిచే పెద్దమనిషిలా ఉండేది. ఎక్కడా గొంతెత్తి బలవంతపెట్టడు. రెండో పాటలో ఒక చరణానికి ఆలస్యంగా వస్తాడు. డ్రమ్ము వాయించేవాడు అతని కోసం ఆగుతాడు, ఆ ఆగడం మీకు వినిపిస్తుంది. నాలుగో పాటలో హాలు తలుపు కిర్రుమంటుంది. తీసెయ్యలేదు, అలాగే ఉంచారు. పైక్ హార్బర్ జనం ఆ రికార్డుని మొదటి నుంచి చివరిదాకా వినేవారు. మధ్యలో ఒక పాట వదిలేసి ముల్లు ముందుకి జరపడం ఆ ఊళ్లో అమర్యాద.

"మొదటి వైపే గొప్ప," అనేవాడు స్టాన్ రోజూ.

"నీకు బరువు మోయడం ఎప్పుడు చేతనైంది గనక? ఖాళీ ఓడలే నచ్చుతాయి," అనేది కౌంటరు పక్కన కూర్చున్న ఎవరో ఒకావిడ.

ఇక ఆఖరి పాట. దాన్నే గాలిపాట అనేవారు. ఎమ్మెట్ పాడటం ఆపేశాక మౌత్ ఆర్గాన్ అందుకునేది, అందుకోగానే స్పీకర్లోంచి ఊపిరి వచ్చేది. వెచ్చటి మనిషి ఊపిరి, తారు బిళ్లలు, అదే ఫిన్నుల నల్ల మిఠాయి, చప్పరించే మనిషి వాసనతో. తాడు మీద గ్లౌజులు ఊగేవి. హోటల్లోనే కాదు, ఊళ్లో ఎవరింట్లో ఆ రికార్డు పెట్టినా అంతే. ఆడవాళ్లు దాని ముందు సాక్సులు ఆరేసుకునేవారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారు చూపించే వాటిలో పొయ్యి ఎలా రాజెయ్యాలో, పాట ముందు తాడు ఎక్కడ కట్టాలో రెండూ ఉండేవి. అంతకుమించి దాని గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

మౌత్ ఆర్గాన్‌లో కొన్ని స్వరాలు ఊదితే పలుకుతాయి, కొన్ని గాలి లోపలికి పీలిస్తే పలుకుతాయి. ఆ పాటలో ఒక పొడుగాటి స్వరం ఉంది, పీల్చేది. అది తిన్నగా రాదు. మొదలవబోయి ఆగుతుంది. మళ్లీ మొదలవబోయి మళ్లీ ఆగుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా విడివడి వస్తుంది. గ్లౌజులు రెండుసార్లు అదిరి, ఆపైన స్పీకరు వైపు ఒరిగిపోయేవి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. ఎక్కడెక్కడి పత్రికల వాళ్లో కాలికి రాయి తగిలినట్టు స్వరం అలా తట్టుకోవడం గురించి పేజీలు రాశారు. ఊళ్లో వాళ్లు రాయలేదు. ఆ రెండు తట్లు వచ్చేటప్పుడు చెంచా కప్పులో కదపకుండా పట్టుకునేవారు. స్వరం విడివడ్డాక మళ్లీ కలుపుకునేవారు.

అప్పుడు అందరూ ఎల్మర్ వైపు చూసేవారు.

"నీ ఊపిరి ఇవాళ జోరుగా ఉందోయ్," అనేవాడు స్టాన్.

ఎల్మర్ కాఫీలోకి చూసుకునేవాడు. జనం దాన్ని వినయం అనుకునేవారు.

ఆ ఊపిరి ఎల్మర్‌ది కాదు. ఉర్హో లాహ్తిది. రేవులో ఎల్మర్‌తో జతగా పనిచేసిన ఉర్హోది. ఉర్హోకి నత్తి. మొదటి అక్షరం దగ్గర మాట కొక్కేనికి తగులుకున్నట్టు ఆగిపోయేది. ఆ సంగతి ఇంట్లో భార్యకీ, ఎల్మర్‌కీ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటే పైక్ హార్బర్‌లో మగవాడు నోరు విప్పకపోవడం ఒక విశేషమే కాదు. సగం ఊరు ఫిన్నులు, తలూపి 'ఊఁ' అంటే సంభాషణ అయిపోయినట్టే. ఉర్హో మాట్లాడకపోతే నెమ్మదస్తుడన్నారు. మాట్లాడాల్సి వస్తే ఎల్మర్ మాట్లాడేవాడు. కొట్లో రొట్టె ఎల్మరే అడిగేవాడు. మేస్త్రీ పిలిస్తే ఎల్మరే పలికేవాడు. ఉర్హో మధ్యాహ్నం అన్నాల వేళ రేవు చివర, ఎవరూ రాని చోట కూర్చుని మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే ఎమ్మెట్ టార్ విని, హాలుకి రమ్మన్నప్పుడు, 'వస్తాడు' అని చెప్పింది కూడా ఎల్మరే. హాలు గుమ్మందాకా తీసుకెళ్లి దిగబెట్టి, డ్యూటీకి వేళైందని వెనక్కి వచ్చాడు.

ఆ చలికాలమే ఉర్హో సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్లి, మంచు విరిగి, తిరిగి రాలేదు. భార్య పసిబిడ్డని ఎత్తుకుని లోపలి పల్లెలో పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ సరస్సు మొహం చూడలేదు, ఇంట్లో పాట మోగనివ్వలేదు, మొగుడి మాట ఎత్తనివ్వలేదు. ఎండాకాలంలో రికార్డు వచ్చింది. అట్ట వెనక వాయించినవాళ్ల పేర్లన్నీ వేసి, మౌత్ ఆర్గాన్ దగ్గర మాత్రం 'రేవు మనిషి' అని వేశారు. అప్పటికి ఎల్మర్ జేబులో కూడా ఒక మౌత్ ఆర్గాన్ ఉండేది, ఉర్హోని చూసి నేర్చుకుందామని కొన్నది. హోటల్లో ఎవరో, "రేవు మనిషంటే నువ్వేగా?" అన్నారు. ఎల్మర్ అవుననలేదు. నవ్వాడు, అంతే. ఆ నవ్వు తుడిచేసుకోవడానికి మర్నాడు కుదరలేదు. ఆ వారం కుదరలేదు. తర్వాత పిక్నిక్కుల్లో వాయించమన్నారు. బీర్లు పోయించారు. ఆ తర్వాత తుడవాలంటే నవ్వు కాదు, ఊరు నమ్మిన రేవు మనిషినే తుడవాలి.

ఆ పసిబిడ్డే హెల్వి. పెద్దదై, తల్లి పోయాక, పనికోసం పైక్ హార్బర్ తిరిగి వచ్చింది. వచ్చిన కొత్తలో ఎల్మర్ బల్ల దగ్గర కాఫీ పోస్తూ, మాట మాట తట్టుకుంటూ అడిగింది. "మా నాన్న నీతో... ప... పనిచేశాడటగా బాబాయ్? ఎలా ఉండేవాడు?"

"మంచివాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు," అన్నాడు ఎల్మర్.

హెల్వికి కూడా నత్తి అని అతనికి అప్పుడే తెలిసింది. ఆ పూట కాఫీ సగంలో వదిలేసి ఇంటికి పోయాడు. అయినా మర్నాడు మళ్లీ వచ్చాడు. ఏళ్లు గడిచాయి. హెల్వి హోటలు తనదిగా చేసుకుంది, పెళ్లి చేసుకుంది, సైమా పుట్టింది. తండ్రి ఊపిరి ముందు రోజూ ఊరి పిల్లల గ్లౌజులు ఆరేస్తూనే ఉంది.

కథ జరిగిన చలికాలానికి సైమాకి ఆరేళ్లు. ఒకరోజు బస్సు కోసం కూర్చున్న పిల్ల కిటికీ వైపు చెయ్యి చూపించి, "ఎ... ఎ... ఎల్మర్ తాతా, చూ... చూ..." అంది. ఏం చూడమందో తెలియదు, ఎందుకంటే హెల్వి కౌంటరు వెనకనుంచి వచ్చి పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది. కొట్టలేదు, కసరలేదు. మెత్తగానే పెట్టింది. "నలుగురిలో వద్దమ్మా," అంది చిన్నగా. తర్వాత తలెత్తకుండా ఎల్మర్‌తో, "మా వాళ్లలో ఎ... ఎవరికీ లేదు బాబాయ్. నా నుంచే వచ్చింది దీనికి," అంది.

ఆ రోజునుంచి సైమా హోటల్లో మాట్లాడటం మానేసింది. కొన్నాళ్లకి బళ్లో కూడా మానేసిందని తెలిసింది. ఏమడిగినా చేత్తోనే చూపిస్తోందట.

ఎల్మర్‌కి అన్నం సయించలేదు. ఒక్క మాట. తన దగ్గరున్న ఒక్క మాట చెబితే ఆ చెయ్యి పిల్ల నోటిమీదనుంచి లేస్తుంది. రోజూ పొద్దున ఆ మాట పట్టుకునే మెట్లు దిగేవాడు. స్టాన్ "రావోయ్, రేవు మనిషీ!" అనగానే అది గొంతులోనే అణిగిపోయేది.

అలాంటి సమయంలో ఎమ్మెట్ టార్ వస్తున్నాడని తెలిసింది. ముసలివాడైపోయాడు, పెద్ద ఊళ్లలో ఆఖరి కచేరీలు చేసేశాడు. ఫిన్నుల హాల్లో ఒక్క శనివారం మధ్యాహ్నం 'ఖాళీ ఓడలు' మొదటినుంచి చివరిదాకా పాడతానన్నాడు. అంతకుముందు ఒకసారి ఎమ్మెట్ తన తల్లి అంత్యక్రియలకి వచ్చినప్పుడు ఎల్మర్ పంటినొప్పని ముసుగుతన్ని పడుకున్నాడు. ఈసారి హాలు కమిటీ వాళ్లు అడగకుండానే అతని పేరు అచ్చేసి ఊరంతా అంటించారు. మౌత్ ఆర్గాన్: మన రేవు మనిషి ఎల్మర్ నీమెలా.

ఆ శనివారం జనం మంచులో నడిచి వచ్చారు. హెల్వి గోడల పొడుగునా తాళ్లు కట్టి అందరి గ్లౌజులూ తగిలించింది. ఎమ్మెట్ వేదిక మీద కుర్చీలో కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. గొంతు బాగా కిందికి దిగిపోయింది, సగం పాట సగం మాట. అయినా రెండో పాటలో ఆ చరణానికి సరిగ్గా అంతే ఆలస్యంగా వచ్చాడు. హాలంతా అతని కోసం ఆగింది. పడుచుతనంలో తొందరలేక ఆగినట్టుండేది, ఇప్పుడు వయసు భారంతో ఆగినట్టుంది, రెండూ బాగున్నాయి. స్టాన్ కళ్లు తుడుచుకుని, చలికి నీళ్లొస్తున్నాయని పక్కవాడికి చెప్పాడు.

గాలిపాట వచ్చింది. ఎల్మర్ మైకు ముందు నిలబడ్డాడు. ఆ పొడుగాటి స్వరం పీల్చి పలికించడం అతనికి ఏనాడూ పట్టుబడలేదు. అందుకని అదే స్వరం ఊదితే పలికే మౌత్ ఆర్గాన్ ఇంకోటి సంపాదించుకున్నాడు. తట్టుకోవడం నాలుకతో ఆపి తెప్పించేవాడు. వేసవి పిక్నిక్కుల్లో, ఆరుబయట, చెట్లకింద, స్పీకర్లు లేని చోట, తేడా ఎవరు పట్టుకుంటారు? చెవికి తేడా లేదు కూడా. ఊరందరి గ్లౌజుల తాడు ముందు నిలబడి ఆ పాట వాయించాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

స్వరం ఎత్తుకున్నాడు. స్పీకర్లలోంచి నశ్యం వాసన గాలి బయటికి కొట్టింది. గ్లౌజులు రెండుసార్లు అవతలికి అదిరాయి, ఆపైన వెనక గోడవైపు ఎగిరి నిలిచాయి. జనం బుద్ధెరిగినప్పటినుంచీ స్పీకరు వైపు ఒరిగేవి, ఇవాళ అవతలికి ఒరిగాయి. ఒక గ్లౌజు క్లిప్పు ఊడి స్టాన్ ఒళ్లో పడింది.

స్టాన్ దాన్ని చూశాడు. లేచి వెళ్లి తిరిగి తాడుకి తగిలించాడు.

చప్పట్లు కొట్టారు, గట్టిగానే. కచేరీ అయ్యాక కింది గదిలో కాఫీ, యాలకుల రొట్టె పెట్టారు. ఒక్కొక్కరే వచ్చి ఎల్మర్ భుజం మీద చెయ్యి వేశారు. "వయసండీ, ఊపిరితిత్తులు మునుపటిలా ఉంటాయా?" అందొకావిడ. "కంగారులో వెనకాముందూ అయింది, అంతేగా," అన్నాడింకొకాయన. తప్పించుకోవడానికి అతనికి తలుపు బార్లా తీసి పట్టుకున్నట్టే ఉంది. జీవితంలో మొదటిసారి స్టాన్ ఒక్క జోకు వెయ్యలేదు. రొట్టెలో పెద్దముక్క కోసి ఎల్మర్ పళ్లెంలో పెట్టాడు. ఎల్మర్ దాన్ని మింగలేక, ఉమ్మలేక కూర్చున్నాడు.

ఎమ్మెట్ టార్ కర్ర పోటేసుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆయన మీరు కాదు కదండీ," అన్నాడు, ఇంకెవరికీ వినపడకుండా.

ఎల్మర్ పళ్లెం పక్కకి జరిపాడు.

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు. నా సిగ్గు నాకుంది. ఆ రోజు అంతా అయ్యాక ఆయన్ని పేరడిగాను. చెప్పబోయాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఒకటే అక్షరం, మళ్లీ అదే. అవతల వ్యానులోకి సామాను ఎక్కిస్తున్నారు, తుఫాను వస్తోందన్నారు. భుజం తట్టి సరేలెండి అనేశాను. అట్ట మీద రేవు మనిషి అని వేయించాను. జనం అదేదో కవిత్వం అనుకుని మెచ్చుకున్నారు. నేనూ అవునన్నట్టే ఊరుకున్నాను." ముసలాయన కప్పు కింద పెట్టాడు. "వాయిస్తుంటే ఆ తట్టుకోవడం కోసం ఊపిరి బిగబట్టి ఆగినవాణ్ని, పేరు కోసం ఆగలేకపోయాను. ఇప్పుడు ఎదురుచూస్తాను. ఎంతసేపైనా సరే. ఏమిటాయన పేరు?"

ఎల్మర్‌కి నత్తి లేదు. అయినా ఆ పేరు నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. ఎమ్మెట్ నిజంగానే కదలకుండా కూర్చున్నాడు.

"ఉర్హో. ఉర్హో లాహ్తి."

"ఆయన వాళ్లెవరైనా ఉన్నారా?"

హెల్వి కాఫీ కూజా పట్టుకుని అవతలి బల్ల దగ్గర వంగి పోస్తోంది. పక్కనే సైమా, పెదాలు గట్టిగా మూసుకుని, చక్కెర గిన్నె మోసుకుంటూ. ఎవరూ లేరు అనడానికి ఎల్మర్ నోరు తెరిచాడు. అది కూడా చెబుతున్నాను, దాచడం ఎందుకు. తెరిచి, మూసి, హెల్వి వైపు చూపుడువేలు ఎత్తాడు.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు ఎమ్మెట్.

"నేనే చెబుతాను. నేను చెప్పాల్సిందే."

"సోమవారం దాకా ఊళ్లోనే ఉంటాను," అన్నాడు ముసలాయన.

శనివారం సాయంత్రం సౌనా వేళ, అంటే ఫిన్నుల ఆవిరిస్నానం వేళ. వేడిరాళ్ల మీద నీళ్లు చల్లుతూ ఎల్మర్ భార్య సిల్వియా పైబల్ల మీద కూర్చుంది. ఆవిరిలో ఒకరి మొహం ఒకరికి కనిపించదు. అందుకే ఆ ఊళ్లో కష్టమైన మాటలు అక్కడే ఆడతారు.

"సిల్వియా, ఆ రికార్డులో..." అని మొదలుపెట్టాడు.

"తెలుసులేవయ్యా ముసలోడా."

"ఏం తెలుసు?"

"పెళ్లయినప్పటినుంచీ నీ పక్కన పడుకుంటున్నదాన్ని. నీ ఊపిరేదో నాకు తెలీదా? నీది నశ్యం కంపు. ఆ పాటలోది తారు బిళ్ల వాసన."

రాళ్లు చుయ్యిమన్నాయి. ఎల్మర్ తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు?"

"రేపు చెబుతాడు, వచ్చేవారం చెబుతాడు అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే నాదీ తప్పయిపోయింది. 'అన్నీ తెలిసి నోరు మూసుకున్నావా' అని ఎవరైనా అంటే ఏం మొహం పెట్టుకోను? ఆ పిల్ల నా చేతికి కాఫీ ఇచ్చినప్పుడల్లా నేల చూశాను." ఇంకో చెంబు నీళ్లు పోసింది. "సోమవారం హోటలు తెరిచాక నేనూ వస్తాను. పక్కన నిలబడతాను. మాట మాత్రం నీదే. నేను అందించను."

సోమవారం పొద్దున హోటలు ఎప్పటిలాగే ఉంది. పిల్లలు తడి గ్లౌజులు ఇచ్చారు. రికార్డు రెండో వైపు తిరుగుతోంది. ఎమ్మెట్ ఒక మూల కూర్చున్నాడు. అతను ఉండగా అతని రికార్డు పెట్టడం మొహమాటమని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే గ్లౌజులు ఆరాలి. ఎల్మర్ బల్ల దగ్గరికి పోలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాడు. సిల్వియా వచ్చి పక్కన నిలబడింది.

"హెల్వీ, ఆ రేవు మనిషి నేను కాదమ్మా. మీ నాన్న. ఆ ఊపిరి ఉర్హోది. రికార్డు వచ్చేసరికి వాడు లేడు. నన్ను అడిగితే నవ్వి ఊరుకున్నాను. అప్పటినుంచీ దొంగగానే తిరుగుతున్నాను."

కిటికీ బల్ల దగ్గరివాళ్లు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

"అయితే నేను పోయించిన బీర్లన్నీ?" అన్నాడు స్టాన్ చివరికి. జోకులా మొదలైంది గాని జోకులా పూర్తికాలేదు.

"ఉర్హోవే," అన్నాడు ఎల్మర్.

హెల్వి దొంగతనం గురించి అడగలేదు. బీర్ల గురించీ అడగలేదు. కౌంటరు అంచు పట్టుకుని, ఆమె అడిగింది వేరే.

"ఆ త... త... తట్టుకోవడం?"

"అది వాడు వాయించే గొప్ప కాదమ్మా. వాడికి నత్తి. మాటైనా పాటైనా మొదట్లో అలాగే ఆగేది. ఈ ఊళ్లో నాకొక్కడికే తెలుసు. వాడి బదులు నేనే మాట్లాడేవాణ్ని." ఎల్మర్ చేతిలో టోపీ నలిపాడు. "చివరికి వాడి పేరు చెప్పాల్సినప్పుడు మాత్రం దాన్ని నా పేరుగా చెల్లనిచ్చాను."

ఆఖరి పాట మొదలైంది. హెల్వి కౌంటరు వెనకనుంచి వచ్చి తాడు మీద గ్లౌజులన్నీ తీసేసింది. ఎవరి పిల్లలవో చూసుకోకుండా పక్క బల్ల మీద కుప్పపోసింది. సైమాని తీసుకొచ్చి స్పీకరు ముందు నిలబెట్టి, వెనక తను మోకాళ్ల మీద కూర్చుంది. ఎమ్మెట్ గొంతు ఆగింది. తారు బిళ్లల వాసన వెచ్చగా ఇద్దరి మొహాలకీ తగిలింది. ఆ తర్వాత పీల్చే స్వరం. ఆగింది. సైమా నుదుటిమీది జుట్టు అదిరింది. మళ్లీ ఆగింది. మళ్లీ అదిరింది. విడివడగానే తల్లీబిడ్డల జుట్టు రెండూ ముందుకి పోయి స్పీకరు బట్టని తాకాయి. తాత అయినవాడు వాళ్ల వాసన చూసుకున్నాడేమో. అది మాత్రం నాకు తెలియదు.

"అ... అ... అమ్మా," అంది సైమా, అందరిముందూ. "ఇ... ఇ..."

హెల్వి చెయ్యి అలవాటుగా పైకి లేచింది. పిల్ల పెదాలదాకా వెళ్లకుండా, గాలిలోనే ఆగి, పిల్ల భుజం మీదికి దిగింది.

హోటల్లో ఎవరూ కదల్లేదు. స్టాన్ చెంచా కప్పులో కదపకుండా పట్టుకున్నాడు. ఆ ఊరికి అది కొత్తగా నేర్పక్కర్లేదు. ఇలాంటి చోట ఎలా ఆగాలో వాళ్లకి చిన్నప్పటినుంచీ తెలుసు. ఆగడమే కాదు, ఆ ఆగడాన్ని ఇష్టపడటం కూడా తెలుసు. కాకపోతే ఇన్నాళ్లూ రికార్డు ముందే ఆగారు, ఎదురుగా కౌంటరు వెనక నిలబడ్డ మనిషి ముందు ఆగలేదు. ఆ పూట చాలామంది తలలు వంచుకునే ఆగారు.

"ఇ... ఇది నాలాగే మాట్లాడుతోంది," అంది సైమా.

బయట బస్సు హారను కొట్టింది. డ్రైవరు తలుపు తీసి చూసి, హారను మానేసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ రోజు పిల్లలందరూ తడి గ్లౌజులతో బడికి వెళ్లారు. బళ్లో సైమా, తాత రికార్డులో ఉన్నాడని మొదలుపెట్టి, పూర్తిచేసేసరికి గంట కొట్టారట.

ఎల్మర్‌ని ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఫరవాలేదని కూడా అనలేదు. హెల్వి అతనికి కాఫీ పోసేది. మంచు కరిగి మొదటి ఓడ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఓడ వచ్చిన రోజున కూజా కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. "చె... చెప్పు బాబాయ్. ఎలా నడిచేవాడు? ఏం తినేవాడు? అంతా చెప్పు." ఎల్మర్ మొదలుపెట్టాడు. కొన్నాళ్లకే ఆగిపోయాడు. ఉర్హో బదులు అంతకాలం మాట్లాడిన మనిషికి, ఉర్హో చెప్పాలనుకున్నదేమిటో ఏనాడూ పూర్తిగా విననేలేదని అప్పుడు తెలిసింది. తారు బిళ్లలు ఇష్టం, ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు, పొద్దున్నే నీళ్లకేసి చూసి నవ్వుకునేవాడు. ఎందుకు నవ్వుకునేవాడని హెల్వి అడిగింది. "నేను అడగలేదమ్మా," అన్నాడు. ఆ సిగ్గు అతనితోనే ఉండిపోయింది, పోయేదాకా.

సైమా పెద్దదైంది. ఇప్పుడు ఆ ఊరి రేడియోలో పొద్దున్నే ఆ రోజు వచ్చే ఓడల పేర్లు చదివేది ఆమే. కొన్ని పేర్ల దగ్గర తట్టుకుంటుంది. వంటిళ్లలో, రేవులో, దూరాన సరస్సు మీద ఓడల్లో, విన్నవాళ్లు చేతిలో పని ఆపి ఉంటారు. ఓడ పేరు వచ్చాక మళ్లీ అందుకుంటారు.

పిల్లలూ, ఇదీ సంగతి. నేను చెప్పాను కాబట్టి ఇక ఇది మీ దగ్గర ఉంది. వినని వాళ్లకి మీరు చెప్పండి. ఎల్మర్ నవ్విన నవ్వు వదిలెయ్యకండి, ఉర్హో లాహ్తి పేరు పూర్తిగా చెప్పండి. మీ తర్వాత ఇంకెవరైనా ఈ కథ చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోతే, మీకు తెలిసినా సరే, ఆ మాట మీరు అందించకండి. కూర్చోండి. వస్తుంది.